బల్లకి రెండు వైపులా

తెలుగు పేపర్లు చదివే అలవాటున్నవాళ్ళకి మూడు హెడ్డింగులు కంఠతా వచ్చేసి ఉంటాయి. "చర్చలు సఫలం", "చర్చలు విఫలం", "చర్చలు అసంపూర్తి". ఉద్యోగ సంఘాల నాయకులు ఒకవైపు, మంత్రులూ అధికారులూ మరోవైపు, మధ్యలో పొడవాటి బల్ల, బల్ల మీద మంచినీళ్ళ సీసాలు, జీడిపప్పు ప్లేట్లు. చిన్నప్పుడు మా ఇంట్లో ఈ ఫోటో వచ్చిన రోజు పేపరు నాన్నగారి చేతిలోంచి మా చేతికి రావడానికి మధ్యాహ్నం అయ్యేది. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు.

సింగపూర్లో సెరంగూన్‌కి వచ్చి స్థిరపడ్డాక, కన్సల్టెంట్ ఉద్యోగంలో సగం జీవితం మీటింగుల్లోనే గడిచిపోతున్నాక, నాకో కుతూహలం పుట్టింది. ఈ బల్ల ఎవరు కనిపెట్టారు? పనిచేసేవాళ్ళూ పనిచేయించేవాళ్ళూ సమానంగా కూర్చుని మాట్లాడుకోవాలన్న ఆలోచన ఎక్కడిది? ముఖ్యంగా బడుల్లో అది ఎంతవరకు పనికొచ్చింది? ఓపికుంటే చదవండి, కథ కాస్త పెద్దదే.

దీనికి ఆద్యుడు విట్లీ అనే ఆంగ్లేయుడు. హాలిఫాక్స్ ఊళ్ళో నూలు మిల్లుల కుటుంబంలో పుట్టిన లిబరల్ పార్టీ ఎంపీ. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా ఫ్యాక్టరీల్లో సమ్మెలు పెరిగిపోయాయి. యుద్ధానికి తుపాకులు చేసేవాళ్ళే పని ఆపేస్తే ఎలా అని ప్రభుత్వం కంగారుపడి ఆయన అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1917లో వచ్చిన నివేదిక సారాంశం చాలా సాదాది: గొడవ వచ్చాక కూర్చోవడం కాదు, గొడవ లేనప్పుడు కూడా క్రమం తప్పకుండా కూర్చోండి. దేశం స్థాయిలో ఒకటి, జిల్లా స్థాయిలో ఒకటి, ఫ్యాక్టరీ స్థాయిలో ఒకటి, ఇలా మూడంచెల ఉమ్మడి మండళ్ళు పెట్టుకోండి.

తమాషా ఏంటంటే, ప్రభుత్వం ఈ సలహాని ప్రైవేటు ఫ్యాక్టరీలకి మాత్రమే ఇద్దామనుకుంది. "మరి మా సంగతేంటి?" అని ప్రభుత్వ గుమాస్తాలు నిలదీశారు. దాంతో 1919లో వాళ్ళకీ విట్లీ కౌన్సిల్ వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండు, వేల్స్ బడిపంతుళ్ళ జీతాల కోసం బర్న్‌హామ్ కమిటీ మొదలైంది. ఒక పక్క స్థానిక విద్యాసంస్థల ప్రతినిధులు, ఇంకో పక్క ఉపాధ్యాయుల ప్రతినిధులు. ఏదో రూపంలో అది అరవై ఏళ్ళకి పైగా నడిచింది. 1980ల మధ్యలో పెద్ద ఎత్తున ఉపాధ్యాయుల సమ్మెలు జరిగాక, 1987లో థాచర్ ప్రభుత్వం ఏకంగా చట్టం చేసి దాన్ని ఎత్తేసింది.

అదే విట్లీ మన దేశానికీ వచ్చాడు. 1929లో వేసిన భారత కార్మిక రాయల్ కమిషన్‌కి ఆయనే అధ్యక్షుడు, నివేదిక 1931లో వచ్చింది. ఆ ఆలోచనల జాడ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో కనిపిస్తుంది. వందమంది, అంతకు మించి కార్మికులున్న చోట వర్క్స్ కమిటీ పెట్టమని ప్రభుత్వం ఆదేశించవచ్చు, అందులో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం వాళ్ళకంటే తక్కువ ఉండకూడదు అని రాశారు.

మరి బడిపంతులు? ఇక్కడే అసలు మెలిక. 1978లో బెంగుళూరు నీటి సరఫరా కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థ కూడా "పరిశ్రమే" అంది. సరే, బాగుంది. పదేళ్ళకి, 1988లో, గోవాకి చెందిన ఒక టీచరు కేసులో అదే కోర్టు టీచరు మాత్రం ఆ చట్టం ప్రకారం "కార్మికుడు" కాదు అంది. అంటే బడి పరిశ్రమే కానీ అందులో పాఠం చెప్పే మనిషి కార్మికుడు కాదు! గంట కొట్టే అటెండరుకి ఆ చట్టం వర్తించే వీలుండేది, పాఠం చెప్పే పంతులుకి వర్తించేది కాదు. పంతులు ఉద్యోగం పవిత్రమైనదని అందరూ దణ్ణం పెడతారు గానీ, ఆ దణ్ణంతో పాటే బల్ల దగ్గర కుర్చీ కూడా లాగేసుకుంటారన్నమాట.

ప్రభుత్వోద్యోగులకి వేరే దారి ఉండేది. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు అయిదు రోజులు సమ్మె చేశారు. తపాలా, రైల్వే, అన్నీ కదిలాయి. ప్రభుత్వం గట్టిగా అణిచింది. కానీ ఆ దెబ్బ తర్వాతే విట్లీ కౌన్సిల్ పద్ధతిలో 1966లో జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ వచ్చింది. జీతభత్యాలు, పనిగంటలు, సెలవులు, ఈ మూడింటి మీద ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళే హక్కు కూడా ఇచ్చారు. ఒక ఉద్యోగి సొంత గొడవ మాత్రం అక్కడ ఎత్తకూడదు. మన రాష్ట్రంలో దీనికి చుట్టమే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్. టీచర్ల సంఘాలకీ అందులో చోటుంది.

ఇక నేనుండే ఊరి సంగతి. సెరంగూన్ గార్డెన్స్ వైపు సాయంత్రం నడకకి వెళ్తే చిన్న చిన్న బంగళాలు కనిపిస్తాయి. 1950లలో కట్టిన కాలనీ అది. బ్రిటిష్ సైనికోద్యోగుల కుటుంబాలు చాలా ఉండేవి. ఆ రోజుల్లోనే సింగపూర్ ప్రభుత్వోద్యోగుల్లో ఒక మంట రాజుకుంది. 1952లో తెల్ల ఉద్యోగులకి కుటుంబ భత్యం ఇచ్చి, అదే ఆఫీసులో పనిచేసే స్థానికులకి ఇవ్వలేదు. గో కెంగ్ స్వీ, కెన్నెత్ బర్న్ అనే ఇద్దరు ఆఫీసర్లు ప్రభుత్వోద్యోగుల సంఘాలన్నిటినీ కూడగట్టి "కౌన్సిల్ ఆఫ్ జాయింట్ యాక్షన్" పెట్టారు. మన భాషలో చెప్పాలంటే జేఏసీ.

ఏడేళ్ళు తిరిగాయి. 1959లో పీపుల్స్ యాక్షన్ పార్టీ గెలిచింది. గో కెంగ్ స్వీ ఆర్థికమంత్రి, బర్న్ కార్మిక, న్యాయశాఖల మంత్రి. ఖజానా చూస్తే ఖాళీ. కొత్త ప్రభుత్వం మొదట్లో చేసిన పనుల్లో ఒకటి ఏంటో తెలుసా? ప్రభుత్వోద్యోగుల భత్యాల్లో కోత! దాని మీద పోరాడింది ఎవరు? అదే కౌన్సిల్ ఆఫ్ జాయింట్ యాక్షన్. తాము కట్టిన సంఘమే తమకి ఎదురుగా కూర్చుంది. ఆ భత్యాలు 1961లో తిరిగి ఇచ్చారు. మన వైపు ఉన్నవాడు అటువైపు వెళ్ళాక కూడా అలాగే ఉంటాడని ఆశపడటం ఎంత అమాయకత్వమో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. అందుకే బల్ల మనుషుల మీద కాక నియమాల మీద నిలబడాలి.

ఆ నియమాలు సింగపూర్లో ఎలా తేలాయి? 1968లో చట్టం సవరించి నియామకం, పదోన్నతి, బదిలీ, తొలగింపు, పని కేటాయింపు, ఇవన్నీ యాజమాన్యం ఇష్టం, సంఘాలు వీటి మీద బేరమాడకూడదు అన్నారు. 1972లో నేషనల్ వేజెస్ కౌన్సిల్ పెట్టారు. ప్రభుత్వం, యజమానులు, సంఘాలు, ముగ్గురూ సమానం. ఆర్థికవేత్త లిమ్ చోంగ్ యా మొదటి అధ్యక్షుడు, 2001 దాకా ఆయనే. లోపల మాట్లాడుకున్నది బయటికి రాదు. ఓట్లు లెక్కపెట్టరు, అందరూ ఒప్పుకున్నాకే సలహా బయటికొస్తుంది. ఆ సలహా చట్టం కాదు, కానీ దాదాపు అందరూ దాన్ని చూసే అడుగేస్తారు. ప్రభుత్వోద్యోగుల, అంటే టీచర్ల కూడా, ఏడాది మధ్య బోనసూ ఏడాది చివరి బోనసూ సంఘాలతో సంప్రదించాకే ప్రకటిస్తారు.

ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు సంగతి ముందే కూర్చుని మాట్లాడదాం రా, బదిలీ సంగతి మాత్రం ఎత్తకు. ఇదీ బేరం.

ఒకసారి నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు మా బ్లాకులో ఉండే ఒక మలయ్ టీచరమ్మని పరిచయం చేశాను. ఇక్కడ మలయ్‌లో టీచర్ని "చిక్‌గు" అంటారు, మన మాస్టారు లాగే. కింద హాకర్ సెంటర్లో టీ తాగుతూ నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "మీకు ట్రాన్స్‌ఫర్లు ఎలా చేస్తారమ్మా?" నేను అనువదించాను. "ఏటా దరఖాస్తు పెట్టుకోవచ్చు అంకుల్, అవతలి స్కూలు తీసుకుంటే వెళ్తాం" అందావిడ. "సిఫార్సు ఉత్తరం అక్కర్లేదా?" అన్నారాయన. ఆవిడకి ప్రశ్న అర్థంకాలేదు, నాకు అనువదించడం చేతకాలేదు. ఈ ఊరు సింగపూర్ అంతా కలిపినా మా జిల్లాలో నాలుగో వంతు ఉండదు. ఇక్కడ బదిలీ అంటే బస్సు మారడం. అక్కడ బదిలీ అంటే కాపురం మారడం. ఎవరి సిఫార్సుతోనో నాన్నగారిని విద్యా సంవత్సరం మధ్యలో నూరు కిలోమీటర్ల అవతలికి పంపితే అమ్మా మేమూ ఒక ఊళ్ళో, ఆయన ఒక ఊళ్ళో రెండేళ్ళున్నాం. అందుకే మన టీచర్ల సంఘాలు జీతాలకి ఎంత కొట్లాడాయో కౌన్సెలింగు బదిలీలకీ అంత కొట్లాడాయి. చివరికి 2025లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపాధ్యాయుల బదిలీల మీద ఏకంగా ఒక చట్టమే చేసింది. సింగపూర్ 1968లో బల్ల మీదనుంచి తీసేసిన అంశాన్ని మనవాళ్ళు చట్టంలోకి ఎక్కించుకున్నారు.

ఇక జీతం. అందులో మాత్రం మనవాళ్ళ బల్ల ఎలా ఉందో 2022లో చూశాం. అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం ఫిట్‌మెంట్ అంది. ఆ తర్వాత అధికారుల కమిటీ 14.29 శాతం చాలంది. జనవరి 7న ప్రభుత్వం 23 శాతం ప్రకటించింది. అప్పటికే మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నవాళ్ళకి ఇది! జనవరి 17న జీవోలు వచ్చాయి. ఇంటి అద్దె భత్యం కూడా తగ్గింది. సంఘాలు మూడు డిమాండ్లు పెట్టాయి: జీవోలు ఆపండి, జనవరి జీతం పాత పద్ధతిలో ఇవ్వండి, మిశ్రా కమిషన్ నివేదిక బయటపెట్టండి. ఫిబ్రవరి 3న బస్సుల్లో, రైళ్ళలో, మారువేషాల్లో కూడా చేరుకుని విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు నింపేశారు. 5వ తేదీ రాత్రికి "చర్చలు సఫలం". అద్దె భత్యం కొంత సర్దారు, 23 మాత్రం కదల్లేదు. టీచర్ల సంఘాలు మాకు సమ్మతం కాదన్నాయి.

ఆ మూడో డిమాండు మళ్ళీ చదవండి. ఏ నివేదిక మీద తమ జీతం నిర్ణయమైందో, ఆ నివేదిక చూపించమని అడగడానికి వీధికెక్కాల్సి వచ్చింది. నా వృత్తిలో దీన్ని ఇలా చెప్పుకుంటాం: ప్రాజెక్టు డెలివరీ అయిపోయాక రిక్వైర్‌మెంట్స్ మీటింగ్ పెట్టడం. అప్పుడు ఎంతమంది కూర్చున్నా అది సంప్రదింపు కాదు, మంటలార్పడం.

దీనికి భిన్నమైన బడి ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది. మా సెరంగూన్ రోడ్డులో లిటిల్ ఇండియా ఉన్నట్టే లాస్ ఏంజెలెస్ దగ్గర ఆర్టీషియాలోనూ ఒకటుంది, అక్కడి మనవాళ్ళందరికీ తెలుసు. ఆ ఊరి బడులు ఏబీసీ యూనిఫైడ్ అనే స్కూల్ డిస్ట్రిక్టు కిందికొస్తాయి. 1993లో అక్కడి టీచర్లు ఎనిమిది రోజులు సమ్మె చేశారు. ఆ చేదు కొన్నేళ్ళు ఉంది. 1999 ప్రాంతంలో కొత్త సూపరింటెండెంటు, సంఘం అధ్యక్షురాలు కలిసి వేరే దారి మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాల ఎంపిక, కొత్త టీచర్ల ఇంటర్వ్యూలు, వెనకబడిన బడుల్లో చదవడం నేర్పే పద్ధతి, అన్నిటికీ ఉమ్మడి కమిటీలు. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సాల్ రూబిన్‌స్టీన్, జాన్ మెకార్తీ దీన్ని పరిశీలించి, టీచర్లూ అధికారులూ కలిసి పనిచేసే చోట పిల్లల చదువూ మెరుగ్గా ఉంటోందని రాశారు. అక్కడ గమనించాల్సింది ఒకటే. పుస్తకం కొనకముందే టీచరుని పిలిచారు, కొన్నాక కాదు.

ఇంతకీ నా గోల ఏంటంటే, బల్ల చుట్టూ కుర్చీలు సమానంగా ఉండటం పెద్ద విషయం కాదు. నిర్ణయానికి ముందు కూర్చున్నారా, తర్వాతా? రెండు వైపులా ఒకే కాగితం చూస్తున్నారా? విట్లీ 1917లో చెప్పింది మొదటిది. సింగపూర్ ఆ ముక్క పట్టుకుంది, కాకపోతే కొన్ని అంశాలు ఎత్తకూడదన్న ధర కట్టింది. ఆ ధర మన నాన్నలు, అమ్మలు ఒప్పుకునేది కాదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మనకి సమ్మె ఉంది, వీధి ఉంది, చట్టసభ ఉంది. లేనిదల్లా ముందుగా చూపించే కాగితం.

ఈసారి పేపర్లో "చర్చలు సఫలం" అని చదివినప్పుడు జీడిపప్పు ప్లేట్లు కాకుండా తారీకు చూడండి. జీవో ముందు వచ్చిందా, చర్చ ముందు జరిగిందా అని.