ద్విముఖ రేడియోలు: వాకీటాకీ, సిటిజన్స్ బ్యాండు, రిపీటరు

తంతులతోడను ఎక్స్చేంజితోడను నిమిత్తము లేకుండ ఇరువురు వ్యక్తులు వంతులవారీగా మాటాడుకొనుటకు ఉపకరించు చిన్న రేడియో పరికరములను ద్విముఖ రేడియోలందురు. బొత్తాము నొక్కినంతసేపు ఈ పరికరము ప్రేషకమై మాటను పంపును. వదలినంతనే గ్రాహకమై ఎదుటివాని మాటను వినిపించును. పోలీసు శాఖవారు దీనిని సెట్టనియు, జనసామాన్యము వాకీటాకీ యనియు వ్యవహరింతురు. ఇట్టి సెట్ల దుర్బల తరంగములను ఎత్తైన తావున గ్రహించి, తత్‌క్షణమే వేరొక పౌనఃపున్యముపై అధికశక్తితో పునఃప్రసారము చేయు కేంద్రము రిపీటరు.

పూర్వరంగము: దుందుభి ధ్వనులు మొదలుకొని మార్కోనీ నిస్తంత్రీ వార్తల వఱకు గల దూరసందేశచరిత్ర ఈ వ్యాసపరిధికి వెలుపలిది. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసులు కార్లలో రేడియోల నమర్చుకొనిరి గాని, అవి వినుటకే పనికివచ్చెను. బదులు చెప్పవలసిన ఉద్యోగి టెలిఫోనును వెదకికొనవలసియుండెను. 1933లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి బేయోన్ పట్టణములో పోలీసు కార్ల నుండి మాటాడుటకు సైతము వీలు కలిగెను. ఆ సంవత్సరమే ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పౌనఃపున్య మాడ్యులేషనుకు, అనగా ఎఫ్.ఎం. పద్ధతికి, పేటెంట్లు పొందెను. ఇంజనుల చిటపటలను అణచివేయు ఆ పద్ధతి వాహనములలోని రేడియోకు వరమయ్యెను. 1940లో డేనియల్ నోబుల్ అను ఆచార్యుడు కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకై రచించిన ఎఫ్.ఎం. వ్యవస్థ తరువాతివారికి ఆదర్శప్రాయమైనది.

వాకీటాకీ ఆవిర్భావము: 1937లో కెనడా దేశపు డొనాల్డ్ హింగ్స్, అరణ్యములలో గనుల కంపెనీకై విమానములు నడపు పైలట్లకొఱకు, మోసికొనిపోదగిన ద్విముఖ రేడియోను నిర్మించెను. 1938లో క్లీవ్‌లాండ్ నగరమున ఆల్‌ఫ్రెడ్ గ్రాస్ అను ఇరువదియేండ్ల అమెచ్యూరు (వృత్తిగా గాక అభిరుచిచే రేడియో నడపువాఁడు), హింగ్స్ కృషితో నిమిత్తము లేకయే, చేతఁబట్టుకొని మాటాడు సెట్టును తయారుచేసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రుభూమిలోని గూఢచారి పైన ఎగురు విమానముతో మాటాడుటకు నిర్మింపఁబడిన జోన్-ఎలినార్ యంత్రరచనలో ఇతఁడు పాలుపంచుకొనెను. 1946లో చెస్టర్ గౌల్డ్ చిత్రకథలోని డిక్ ట్రేసీ ముంజేతికి తొడిగిన రేడియోకు ప్రేరణ ఇతని ప్రయోగశాలయే.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ పరికరములు సేనల నిత్యోపయోగ వస్తువులయ్యెను. గాల్విన్ కంపెనీ (తరువాతి మోటరోలా) నిర్మించిన ఎస్.సి.ఆర్. 536 అను హ్యాండీటాకీ సుమారు రెండుంబావు కిలోల బరువు గలది. అందు అయిదు వాల్వులుండెను. ఏరియలును పైకి లాగినంతనే అది పనిచేయ నారంభించును. నోబుల్ ఆధ్వర్యమున అదే కంపెనీ 1943లో సమకూర్చిన ఎస్.సి.ఆర్. 300 వీపున మోయవలసినది. అది 40 నుండి 48 మెగాహెర్ట్జుల నడుమ ఎఫ్.ఎం. పద్ధతిని పనిచేయుచు సుమారు మూడు మైళ్లు మాట నందించెడిది. నేఁడు చేతిలోని సెట్టునకు చెల్లు వాకీటాకీ యను పేరు నాఁడు ఈ వీపుసెట్టునకే చెల్లెను.

సిటిజన్స్ బ్యాండు: యుద్ధానంతరము ఈ సౌకర్యమును సామాన్య పౌరునకు సైతము కల్పింపవలెనని అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను 1945లో సంకల్పించి, 460 మొదలు 470 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టీని కేటాయించెను. 1948లో ఈ సేవకై ప్రభుత్వామోదము పొందిన తొలి సెట్లు గ్రాస్ స్థాపించిన కంపెనీవి. కాని అంత హెచ్చు పౌనఃపున్యమున పనిచేయు వాల్వుసెట్లు బహు ఖరీదైనవగుటచే జనాదరణము లభింపలేదు. 1958లో కమిషను అమెచ్యూర్ల కధీనమైయున్న 27 మెగాహెర్ట్జుల పట్టీని వారినుండి తీసికొని, 23 చానెళ్లుగా విభజించి, పౌరుల కప్పగించెను. సెట్లు చౌకయయ్యెను.

1973 చివర తలయెత్తిన చమురు సంక్షోభము ఈ పట్టీని దేశమంతట ప్రసిద్ధమొనర్చెను. వేగపరిమితి గంటకు 55 మైళ్లకు తగ్గింపఁబడగా, లారీడ్రైవర్లు పెట్రోలు దొరకు తావులను, పోలీసులు పొంచియున్న మలుపులను ఒకరికొకరు తెలుపుకొనిరి. వీరి భాషయు, మాఱుపేర్లును పాటలకెక్కెను; అధ్యక్షుని భార్య బెటీ ఫోర్డ్ సైతము ‘ఫస్ట్ మామా’ అను పేరుతో మాటాడెను. పల్లెలోని రచ్చబండవలె ఒక్కొక చానెలు కిక్కిరిసిపోయెను. దీనికితోడు సూర్యబింబమున మచ్చలు హెచ్చిన సంవత్సరములలో ఈ తరంగములు అయనావరణమున పరావర్తనము చెంది, వేలమైళ్ల దూరపు మాటలను తెచ్చి ఇరుగుపొరుగు సంభాషణలపై కుమ్మరించుచుండెను. 1977లో చానెళ్లు 40కి పెంపఁబడినవి. 1983లో లైసెన్సే రద్దయినది. ఈ చరిత్రలో యంత్రనిర్మాణము కంటె, ఒకే ఆకాశమును పలువురు పంచుకొనుటయే కఠినతర సమస్యగా కనఁబడుచున్నది.

మొదటి 460 మెగాహెర్ట్జుల సేవ నశింపక, 1987లో జనరల్ మొబైల్ రేడియో సర్వీసను పేరు పొందెను. లైసెన్సు అక్కఱలేని, అర వాటు శక్తి గల ఫ్యామిలీ రేడియో సర్వీసు 1996లో దీని ప్రక్కన వెలసెను. ఈ పట్టీలో ఏరియలు పొడవు పదునారు సెంటీమీటర్లయిన చాలును. 27 మెగాహెర్ట్జులకో, దానికి దాదాపు రెండుముప్పావు మీటర్లు కావలయును. జేబులో ఇముడు సెట్లు హెచ్చు పౌనఃపున్యములకే మొగ్గుటకు ఇదియే హేతువు.

రిపీటరు: అత్యున్నత పౌనఃపున్య తరంగములు ఇంచుమించు దృష్టిరేఖను అనుసరించును. ఏరియలు ఎత్తును మీటర్లలో గ్రహించి, దాని వర్గమూలమును 4.12చే గుణించినచో రేడియో దిగంతము కిలోమీటర్లలో వచ్చును. మనుష్యుని చేతిలోని సెట్టుకు అది ఆరు కిలోమీటర్లకు మించదు. నూఱు మీటర్ల ఎత్తునకు నలుబదియొక కిలోమీటర్లు. వాట్లు పెంచుటకంటె కొండ నెక్కుటయే మేలను అనుభవజ్ఞుల వాక్యమునకు ఆధారమిది. 1960 దశకమున పోలీసు, టాక్సీ సంస్థలు విసర్జించిన పాత ఎఫ్.ఎం. సెట్లను అమెరికన్ అమెచ్యూర్లు చౌకగా కొని, కొండలపై రిపీటర్లు నెలకొల్పిరి. 1972లో వీనికి ప్రత్యేక నిబంధన లేర్పడెను.

రిపీటరు 467.550 మెగాహెర్ట్జులపై విని 462.550పై పలుకుననుకొందము. ఒకే ఏరియలుపై యాబది వాట్లతో అరచుచున్న ప్రేషకము ప్రక్కన, మైక్రోవోల్టు పాటి సంకేతమును గ్రాహకము వినఁగలుగుటకు డ్యూప్లెక్సరు అవసరము. ఇది అనునాదము చెందు లోహపు గుల్లల వడపోత యంత్రము. ఏరియలుకు పోవు కేబులు నాసిదైనచో శక్తిలో అధికభాగము త్రోవలోనే హరించిపోవును. పరులసంకేతములు రిపీటరును మేల్కొలుపకుండ, 67 మొదలు 254.1 హెర్ట్జుల వఱకు గల సూక్ష్మస్వరములలో నొకదానిని మాటతోఁ గలిపి పంపుదురు. ఒకఁడే నిర్విరామముగ మాటాడినచో టైమరు అతని మాటను త్రెంచివేయును.

ఉపయోగించువాఁడు సెట్టులో రిపీటరు పలుకు పౌనఃపున్యమును, అది విను పౌనఃపున్యముతో దానికిఁ గల వ్యత్యాసమును, సూక్ష్మస్వరమును నిక్షేపించుకొనవలెను. మొదట విని, చానెలు ఖాళీయని నిశ్చయించుకొని, బొత్తాము నొక్కి అర సెకను ఆగి పలుకవలెను. లేనిచో మొదటి మాటలు తెగిపోవును. పేరు లేక సంకేతనామము చెప్పి, చిన్న వాక్యములలో మాటాడి, మాటకు మాటకు నడుమ అత్యవసరము గలవాఁడు జొరబడుటకై విరామము నుంచుట శిష్టాచారము.

ఇతర దేశములు: ఆస్ట్రేలియా 1977లో సిటిజన్స్ బ్యాండును చట్టబద్ధము చేయుచు, 27 మెగాహెర్ట్జులకుఁ దోడు 477 మెగాహెర్ట్జుల పట్టీని గూడ నొసఁగెను. తదుపరి అచట పౌరుల రిపీటర్లు విస్తారముగా వెలసినవి. వాని ప్రవేశ, నిర్గమ పౌనఃపున్యముల భేదము 750 కిలోహెర్ట్జులు. అయిదవ, ముప్పదియైదవ చానెళ్లు అత్యవసరములకు ప్రత్యేకింపఁబడినవి. దూరదూర పశువుల క్షేత్రముల దేశమునకు ఇది బహు సముచితమైన ఏర్పాటు. బ్రిటనులో సిటిజన్స్ బ్యాండు 1981 నవంబరు 2న చట్టబద్ధమయ్యెను. ఐరోపా దేశములు 1998లో 446 మెగాహెర్ట్జులను అర వాటు సెట్లకు కేటాయించినవి.

భారతదేశము: ఇచట 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేక రేడియోపరికరము కలిగియుండుటయే నేరమయ్యెను; కావున పౌరుల సెట్ల చరిత్ర చిరకాలము అమెచ్యూర్ల చరిత్రయే. 1921లో అమరేంద్ర చంద్ర గుప్తా తొలి భారతీయ అమెచ్యూరుగా రంగప్రవేశము చేసెను. 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపితమైనది. ఈ సంస్థ 2004 డిసెంబరులో అండమాను దీవులకు పంపిన బృందము, భారతి ప్రసాద్ నాయకత్వమున, 26వ తేదీ సునామీ వచ్చినపుడు అచటనే యుండి, తెగిపోయిన వార్తాసంబంధములను ప్రశంసనీయముగా నెలకొల్పెను. 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగింపఁబడిన హామ్‌శాట్ అను అమెచ్యూర్ల ఉపగ్రహము, 42.5 కిలోల బరువుతో, కక్ష్యలో తిరుగు రిపీటరువంటిదై 2014 వఱకు పనిచేసెను.

2005లో 27 మెగాహెర్ట్జుల స్వల్పశక్తి సెట్లకును, 2018లో 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జుల సెట్లకును లైసెన్సు మినహాయింపు లభించినది. ఇతర పౌనఃపున్యములపై పనిచేయు సెట్లు అంతర్జాలపు దుకాణములలో యథేచ్ఛగా అమ్ముడగుచుండుటచే, 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకములు ప్రకటించెను. ఈ మినహాయింపు చేతిసెట్లకే గాని రిపీటరునకు వర్తింపదు; దానిని నెలకొల్పుటకు నేఁటికిని లైసెన్సే శరణ్యము.