ఇంటి అమ్మకంలో అంగీకారం: మితాక్షర నుంచి 2005 సవరణ దాకా

వ్యాససంగ్రహం:
ఇంటి విక్రయం చెల్లడానికి ఎవరి సమ్మతి అవసరమన్న ప్రశ్నకు ధర్మశాస్త్రం, ఆధునిక చట్టం ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సమ్మతి ఇవ్వవలసినవారి జాబితాలో కూతురి స్థానం ఎలా మారిందో వివరిస్తుంది.

కీలకపదాలు: మితాక్షర, స్థావర విక్రయం, దాయాదులు, చెక్కుబంది, కూతురి వాటా.

1. ఉపోద్ఘాతం

ఇల్లు అమ్మదలచినవారు ముందుగా ధర గురించి, రిజిస్ట్రేషన్ ఖర్చుల గురించి ఆలోచిస్తారు. ఎవరి సంతకం కావాలి, కొనేవారికి ఏ విషయాలు చెప్పాలి అన్నవి చాలాసార్లు తగాదా వచ్చాకే గుర్తుకు వస్తాయి. ఈ ప్రశ్నలకు సుమారు తొమ్మిది శతాబ్దాల చరిత్ర ఉంది.

2. మితాక్షర దృష్టి

కల్యాణి చాళుక్య ప్రభువు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దంలో కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెనిగించాడు. స్థావరం చేతులు మారడానికి గ్రామస్థులు, జ్ఞాతులు, సామంతులు, దాయాదుల అనుమతితోపాటు హిరణ్యం, ఉదకం కూడా కావాలన్న ప్రాచీనవచనాన్ని విజ్ఞానేశ్వరుడు చర్చించాడు. ఇక్కడ సామంతులంటే చిన్న రాజులు కారు, పొరుగు భూములవారు.

ఈ అనుమతులకు ఆయన చెప్పిన కారణాలు గమనింపదగినవి. గ్రామస్థుల అనుమతి వ్యవహారం నలుగురికీ తెలియడానికి, పొరుగువారి అనుమతి హద్దు తగాదా రాకుండా ఉండడానికి. విభక్తులైన దాయాదుల అనుమతి, వారు వేరుపడ్డారా లేదా అన్న సందేహం తర్వాత కలగకుండా ఉండడానికి. వీరి అనుమతి లేనంత మాత్రాన విక్రయం చెల్లకపోదు. అవిభక్త కుటుంబంలో మాత్రం సమ్మతి తప్పనిసరి. ఆపత్కాలం, కుటుంబ పోషణ, ధర్మకార్యం దీనికి మినహాయింపులు. స్థావర విక్రయం నిషిద్ధమన్న భావన వల్లనే అమ్మకానికి హిరణ్యోదకాలతో దానరూపం కల్పించారు.

3. సాక్షి నుంచి దస్తావేజుకు

వలస పాలనలో 1864 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఈ వ్యవస్థను మార్చాయి. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయానికి రిజిస్టరు దస్తావేజును 54వ సెక్షన్ తప్పనిసరి చేసింది. గ్రామస్థులు నిర్వహించిన ప్రకటన బాధ్యత రిజిస్ట్రేషన్ కార్యాలయానికి చేరింది. పొరుగువారి అనుమతి పోయినా, దస్తావేజులోని నాలుగు దిక్కుల చెక్కుబందిలో వారి పేర్లు నిలిచాయి.

అమ్మేవారి బాధ్యతలను 55వ సెక్షన్ పేర్కొంది. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఇంటిలోగాని హక్కులోగాని ఉండి, అది అమ్మేవారికి తెలిసి ఉంటే, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు చెప్పి తీరాలి. వాటా ఉన్న తోబుట్టువును దాచడం హక్కులోని లోపాన్ని దాచడమే.

4. కూతురి స్థానం

మితాక్షర పద్ధతిలో పిత్రార్జితంపై పుట్టుకతో హక్కు కొడుకులదే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వీలునామా లేకుండా మరణించిన తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా ఇచ్చింది. అయితే కుటుంబ సభ్యులే పూర్తిగా నివసిస్తున్న ఇంటిని, మగవారసులు పంచుకోదలచేదాకా, విభజించమని అడిగే హక్కును 23వ సెక్షన్ ఆమెకు నిరాకరించింది. వాటా ఉన్నా ఆ ఇల్లు ఆమె చేతికి అందలేదు.

1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి వివాహం కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కల్పించింది. 2005 నాటి కేంద్ర సవరణ వివాహిత, అవివాహిత భేదాన్ని తొలగించి, 23వ సెక్షన్‌ను రద్దు చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన విక్రయాలకు రక్షణ ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెళ్లినాడు పసుపుకుంకుమల కింద ఏదో ఇచ్చామన్న మాట కుటుంబాల్లో వినిపిస్తూనే ఉంటుంది. అలా ఇచ్చినందుకు వాటా పోతుందన్న నియమం ఈ చట్టంలో లేదు.

తండ్రి స్వార్జితమైన ఇంటిని తన జీవితకాలంలో ఆయన ఒక్కడే అమ్మవచ్చు. ఆ ఇల్లు వారసులకు సంక్రమించాక ఒకరు తన వాటాను అమ్మదలిస్తే, దానిని ముందుగా పొందే హక్కును 22వ సెక్షన్ తక్కిన ప్రథమశ్రేణి వారసులకు ఇస్తుంది. దాయాదుల అనుమతి అన్న పాత భావన ఇక్కడ కొనుగోలు హక్కుగా కనిపిస్తుంది.

5. ముగింపు

మితాక్షరలో విభక్త దాయాదుల సమ్మతి ప్రధానంగా సందేహనివృత్తికి సాధనం. నేడు వాటాదారు సంతకం స్వయంగా హక్కుకు రూపం. ఆ సంతకం లేని దస్తావేజు ఆమె వాటాను బదలాయించలేదు. అందువల్ల ఇంటి విక్రయ చరిత్రను ధరల చరిత్రగా మాత్రమే కాక, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అన్న చరిత్రగా కూడా చదవవలసి ఉంది. కుటుంబాల వద్ద మిగిలిన పాత క్రయ దస్తావేజులు అందుకు విలువైన ఆకరాలు.