విశ్వ మేసర్లు: అనుసంధిత రేడియో టెలిస్కోపులతో పరిశీలన, చరిత్ర

అంతరిక్షంలోని వాయుమేఘాల్లో, వృద్ధ నక్షత్రాలను చుట్టుకున్న ఆవరణల్లో, కొన్ని గెలాక్సీల నడిమధ్యన సహజంగా పుట్టే అతి తీవ్రమైన మైక్రోవేవ్ వెలుగులను విశ్వ మేసర్లు అంటారు. హైడ్రాక్సిల్, నీరు, మిథనాల్, సిలికాన్ మోనాక్సైడ్ అణువుల నుంచి ఇవి ఎక్కువగా వస్తాయి. పరిసరాల వేడి వల్లనో, ఇతర అణువుల తాకిడి వల్లనో కింది శక్తి స్థాయిలో కంటే పై స్థాయిలో ఎక్కువ అణువులు పోగుపడతాయి. సరిగ్గా తగిన పౌనఃపున్యం గల తరంగం ఆ దారిన వెళ్తే అవన్నీ ఒకే లయలో తమ శక్తిని వదిలేస్తాయి, తరంగం ఎన్నో రెట్లు బలపడుతుంది. ఒక్కో మేసర్ చుక్క వెడల్పు సాధారణంగా భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి అటూ ఇటూగా ఉంటుంది. వేల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఇంత చిన్న చుక్కను విడిగా చూడటం ఏ ఒక్క టెలిస్కోపుకూ సాధ్యం కాదు. అందుకే ఖండాంతరాల్లోని రేడియో టెలిస్కోపులను ఒకే పరికరంగా కలిపి పనిచేయించే వి.ఎల్.బి.ఐ. పద్ధతి, మేసర్ పరిశోధన దాదాపు కలిసే పెరిగాయి.

స్థానాన్ని కొలిచే పని: హైదరాబాద్ పూర్వరంగం

ఆకాశంలో ఒక వస్తువు కదలికను పట్టుకోవాలంటే ఇవాళ దాని స్థానాన్ని కొలిచి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొలవాలి. ఈ ఓపిక పనిలో తెలుగు నేలకు పెద్ద వాటానే ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం చేపట్టింది. వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోగ్రాఫిక్ పలకల మీదికి ఎక్కించాలన్న అంతర్జాతీయ పథకంలో, మొదట చిలీలోని సాంటియాగోకు కేటాయించిన భాగం హైదరాబాద్‌కు వచ్చింది. అది దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ నాయకత్వంలో ఈ పని సాగింది. ఉత్తరాకాశంలోని మరో పట్టీతో కలిపి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాలుగా అచ్చువేశారు. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టిక సుమారు 25 లక్షల నక్షత్రాల చలనాలను లెక్కగట్టినప్పుడు, పాత స్థానాల కోసం ఆధారపడింది ప్రధానంగా ఈ పథకం పలకల మీదే. హైదరాబాద్ కొలతలు అలా ఎనభై ఏళ్ల తర్వాత కూడా అక్కరకు వచ్చాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

ఉదాహరణకు వరంగల్ జిల్లా వర్ధన్నపేట సుమారు 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడి నుంచి చూస్తే ఈ దక్షిణ పట్టీ ఆకాశంలో అత్యంత ఎత్తుకు చేరినప్పుడు దక్షిణ దిక్కున దాదాపు 50 నుంచి 55 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఆషాఢ, శ్రావణ మాసాల రాత్రుల్లో మబ్బు విడిచినప్పుడు పాలపుంత అక్కడ చాలా దట్టంగా ఉంటుంది. కానీ ఆ దట్టమైన చోట ధూళి కూడా ఎక్కువే. ఆ ధూళిని దాటి చూడటం ఫొటో పలకల వల్ల కాలేదు, రేడియో తరంగాల వల్ల అయింది.

ప్రయోగశాల నుంచి ఆకాశానికి

ఉత్తేజిత ఉద్గారం సాధ్యమేనని 1917లో ఐన్‌స్టీన్ చూపించాడు. 1954లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ టౌన్స్ బృందం అమ్మోనియా వాయువుతో తొలి మేసర్‌ను నడిపింది. మాస్కోలో బసోవ్, ప్రొఖొరోవ్ అదే సూత్రాన్ని స్వతంత్రంగా సాధించారు. ముగ్గురికీ 1964లో నోబెల్ వచ్చింది.

ప్రకృతి ఈ పని ఎప్పటి నుంచో చేస్తోందని మరుసటి ఏడాదే బయటపడింది. నక్షత్రాల మధ్య హైడ్రాక్సిల్ ఉందని ఎం.ఐ.టి. శాస్త్రవేత్తలు 1963లో కనుగొన్నారు. 1965లో బర్క్‌లీలో హెరాల్డ్ వీవర్ బృందం కొన్ని మేఘాల నుంచి 18 సెంటీమీటర్ల దగ్గర లెక్కకు అందని సంకేతాలను గమనించింది. రేఖల బలాల నిష్పత్తి సిద్ధాంతానికి సరిపోలేదు, కాబట్టి ఏదో తెలియని పదార్థమేమోనన్న అనుమానంతో దానికి ‘మిస్టీరియం’ అని పేరు పెట్టారు. తీరా అది మేసర్‌గా పనిచేస్తున్న హైడ్రాక్సిలే. 1969లో టౌన్స్ ఉన్న బర్క్‌లీ బృందమే హ్యాట్ క్రీక్‌లో 22.235 గిగాహెర్ట్జ్ వద్ద నీటి మేసర్లను చూసింది. ప్రయోగశాలలో మేసర్‌ను పుట్టించిన మనిషే ఆకాశంలోనూ దాన్ని చూడగలగడం విజ్ఞాన చరిత్రలో అరుదైన సంగతి. 1974లో సిలికాన్ మోనాక్సైడ్, 1991లో కార్ల్ మెంటెన్ కనుగొన్న 6.7 గిగాహెర్ట్జ్ మిథనాల్ మేసర్లు ఈ వరుసలో చేరాయి. ఈ చివరి రకం భారీ నక్షత్రాలు పుట్టే చోట్లే ఉంటుంది.

టెలిస్కోపులను కలిపిన తీరు

రెండు టెలిస్కోపులు ఎంత ఎడంగా ఉంటే అంత సన్నని వివరం దొరుకుతుంది. తొలిరోజుల్లో వాటిని కేబుళ్లతోనో రేడియో లింకులతోనో కలిపేవారు, కనుక ఎడం పరిమితంగానే ఉండేది. 1967లో ఆ బంధం తెగింది. ప్రతి కేంద్రమూ తన పరమాణు గడియారం సాయంతో సంకేతాన్ని కాలముద్రలతో సహా టేపు మీద నమోదు చేసుకుంటుంది. టేపులన్నీ ఒకచోటికి చేర్చి కంప్యూటర్‌లో సరిపోలుస్తారు. కెనడా శాస్త్రవేత్తలు ఆ ఏడాది 3,000 కిలోమీటర్లకు పైగా ఎడమున్న రెండు కేంద్రాలతో దీన్ని సాధించారు. అదే ఏడాది జేమ్స్ మొరాన్, ఎం.ఐ.టి. సహచరులు హేస్టాక్, గ్రీన్‌బ్యాంక్ టెలిస్కోపులను 845 కిలోమీటర్ల ఎడంతో జోడించి హైడ్రాక్సిల్ మేసర్లను పరిశీలించారు. అంటే ఈ పద్ధతి పుట్టిన ఏడాదే మేసర్లు దాని లక్ష్యాలయ్యాయి. రుబీడియం గడియారాల స్థానంలో క్రమంగా హైడ్రోజన్ మేసర్ గడియారాలు వచ్చాయి. ఆకాశంలోని మేసర్‌ను కొలవడానికి నేల మీద మరో మేసరే కాలం చెబుతోంది.

ఆ తర్వాత దేశాలు శాశ్వత జాలాలు కట్టుకున్నాయి. 1980లో యూరోపియన్ వి.ఎల్.బి.ఐ. నెట్‌వర్క్ ఏర్పడింది. 1993లో అమెరికాలో ప్రారంభమైన వి.ఎల్.బి.ఎ.లో 25 మీటర్ల డిష్‌లు పది, హవాయి నుంచి కరీబియన్ దీవుల దాకా 8,600 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. జపాన్ కట్టిన వేరా జాలం ప్రత్యేకంగా మేసర్ల కొలతకే ఉద్దేశించినది. దాని నాలుగు 20 మీటర్ల డిష్‌లలో ఒక్కొక్కటి ఒకేసారి రెండు దిక్కుల్లోకి, మేసర్ వైపూ పక్కనున్న దూరపు క్వేసార్ వైపూ, చూడగలదు.

అలా చూడాల్సిన అవసరం మన గాలి వల్ల వచ్చింది. నీటి మేసర్ వెలువరించే పౌనఃపున్యం దగ్గరే మన వాతావరణంలోని నీటి ఆవిరి కూడా రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. గాలిలో తేమ మారిన కొద్దీ సంకేతం ఆలస్యంగానో ముందుగానో చేరి మేసర్ స్థానం జరిగినట్టు భ్రమ కలుగుతుంది. ఎంతో దూరాన ఉండి, ఏమాత్రం కదలనట్టు తోచే క్వేసార్‌తో పోల్చి ఆ తప్పును తీసేస్తారు. ఒకే దిక్కు చూసే డిష్‌లైతే నిమిషానికోసారి అటూ ఇటూ తిరగాలి. ఇంత చేశాక దక్కే ఖచ్చితత్వం ఆర్క్ సెకనులో లక్షో వంతు. చంద్రుడి మీద పెట్టిన రూపాయి నాణెం ఇక్కడి నుంచి ఎంత కోణంలో ఉంటుందో అంత.

ఓరియన్ నుంచి పాలపుంత దాకా

మేసర్ మన వైపు వస్తోందా, దూరమవుతోందా అన్నది దాని పౌనఃపున్యంలోని డాప్లర్ మార్పు చెబుతుంది. అడ్డంగా ఎంత జరిగిందన్నది వరుస చిత్రాలు చెబుతాయి. ఈ రెంటినీ కలిపితే అసలు కదలిక మూడు దిశల్లోనూ తెలుస్తుంది. 1981లో గెంజెల్, రీడ్, మొరాన్, డౌన్స్ ఓరియన్ నెబ్యులాలోని నీటి మేసర్లు ఒక కేంద్రం నుంచి చెదిరిపోతున్నాయని చూపి, ఆ చలనాల ఆధారంగానే దాని దూరం సుమారు 1,560 కాంతి సంవత్సరాలని లెక్కకట్టారు. 2007లో మెంటెన్ బృందం అక్కడి యువ నక్షత్రాల రేడియో ఉద్గారాన్ని వి.ఎల్.బి.ఎ.తో పారలాక్స్ పద్ధతిలో కొలిచి దాన్ని 1,350కి సవరించింది.

ఈ రెండో పద్ధతికి ఏ ఊహా అక్కర్లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే ఏడాదిలో దగ్గరి వస్తువు దూరపు నేపథ్యం మీద ముందుకూ వెనక్కూ జరిగినట్టు కనిపించే కోణమే పారలాక్స్. దాని నుంచి దూరం శుద్ధమైన జ్యామితితో వస్తుంది. పెర్సియస్ భుజంలోని డబ్ల్యు3 దగ్గర ఈ పద్ధతి విలువ బాగా తెలిసింది. పాలపుంత భ్రమణ వేగాల లెక్కన అది 14,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. 2006లో షు, రీడ్, జెంగ్, మెంటెన్ మిథనాల్ మేసర్ల పారలాక్స్‌తో కొలిస్తే 6,400 కాంతి సంవత్సరాలే తేలింది. దశాబ్దాలుగా వాడిన పటం అక్కడ సగానికి సగం తప్పింది.

ఆ పటాన్ని మళ్లీ గీయడానికి బెస్సెల్ సర్వే మొదలైంది. 2019 నాటికి ఈ సర్వే, వేరా కలిసి దాదాపు 200 నక్షత్ర జన్మస్థానాల దూరాలను కొలిచాయి. వాటి ప్రకారం మనం గెలాక్సీ కేంద్రం నుంచి సుమారు 26,600 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాం. పాలపుంత మన దగ్గర సెకనుకు దాదాపు 236 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. హైదరాబాద్ ఒకప్పుడు ఫొటో తీసిన పట్టీలోనే ఉన్న డబ్ల్యు33 జన్మస్థలానికి 2013లో 7,800 కాంతి సంవత్సరాల దూరం తేలింది. అదే పట్టీలోని జి9.62లో మిథనాల్ మేసర్లు సుమారు 244 రోజులకోసారి ప్రకాశం పెంచుకుంటాయి. దాని దూరం దాదాపు 17,000 కాంతి సంవత్సరాలు.

గెలాక్సీల నడిమధ్య

ఈ చరిత్రలో అన్నిటికంటే బలమైన ఫలితం ఎన్.జి.సి. 4258 అనే గెలాక్సీలో దొరికింది. నకాయ్, ఇనోవె, మియోషి 1993లో నొబెయామా 45 మీటర్ల టెలిస్కోపుతో అక్కడి నీటి మేసర్లు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వరకు అటూ ఇటూ పరుగెడుతున్నట్టు చూపారు. 1995లో వి.ఎల్.బి.ఎ. చిత్రాలు వచ్చాక విషయం తేటపడింది. మేసర్లు పలుచని పళ్లెంలో కెప్లర్ సూత్రం తుచ తప్పకుండా తిరుగుతున్నాయి, మధ్యలో దాదాపు 4 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి అర కాంతి సంవత్సరం కంటే తక్కువ వ్యాసార్ధంలో ఇమిడి ఉంది. కృష్ణబిలం మినహా మరో వివరణను సమర్థించడం కష్టమైంది. 1999లో హెర్న్‌స్టైన్ బృందం ఆ మేసర్ల చలనాలను బట్టి గెలాక్సీ దూరాన్ని కొలిచింది. 2019 సవరణ ప్రకారం అది సుమారు 2.47 కోట్ల కాంతి సంవత్సరాలు. విశ్వ విస్తరణ వేగాన్ని నిర్ణయించే దూరాల నిచ్చెనకు నేడు ఇదొక ముఖ్యమైన మొదటి మెట్టు. ఇలాంటి ఇతర గెలాక్సీల మేసర్లతో 2020లో తేలిన హబుల్ స్థిరాంకం, అంటే ఆ విస్తరణ వేగం, మెగాపార్సెక్‌కు సెకనుకు 73.9 కిలోమీటర్లు, అనిశ్చితి 3.

మళ్లీ పాలపుంతలోకి వస్తే, వృద్ధ నక్షత్రాల వాతావరణం కదలడాన్ని సినిమాగా చూసిన ఘనత డైమండ్, కెంబాల్‌లది. టి.ఎక్స్. కామ్ చుట్టూ ఉన్న సిలికాన్ మోనాక్సైడ్ మేసర్లను వి.ఎల్.బి.ఎ.తో రెండేసి వారాలకు చిత్రించి వరుసగా పేర్చారు. 2019లో జి358.93 అనే చోట మిథనాల్ మేసర్లు ఉన్నట్టుండి భగ్గుమన్నప్పుడు అనేక దేశాల టెలిస్కోపులు వెంటనే అటు తిరిగి, పుడుతున్న నక్షత్రం నుంచి వేడి అల బయటికి పాకడాన్ని పట్టుకున్నాయి.

భారతదేశం

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని జపాల్-రంగాపూర్ కేంద్రంలో 1980ల్లో 10 గిగాహెర్ట్జ్ వద్ద సూర్యుణ్ని గమనించిన చిన్న రేడియో టెలిస్కోపు ఉండేది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో 10.4 మీటర్ల డిష్‌తో వృద్ధ నక్షత్రాల సిలికాన్ మోనాక్సైడ్ మేసర్లను పరిశీలించారు. జగదీప్ పాండియన్, అవినాష్ దేశ్‌పాండే పాల్గొన్న అరెసిబో సర్వే 2007లో పదుల సంఖ్యలో కొత్త మిథనాల్ మేసర్లను వెలికితీసింది.

పుణె దగ్గరి జి.ఎం.ఆర్.టి. ప్రపంచంలోని గొప్ప రేడియో టెలిస్కోపుల్లో ఒకటి. కానీ దాని 45 మీటర్ల డిష్‌లు సుమారు 1.45 గిగాహెర్ట్జ్ దాకానే పనిచేస్తాయి. పాలపుంతలోని హైడ్రాక్సిల్ మేసర్ రేఖలు 1.61 దగ్గర మొదలవుతాయి, మిథనాల్, నీటి రేఖలు ఇంకా పైన ఉన్నాయి. ఒక పక్క యూరప్, దక్షిణాఫ్రికా, మరో పక్క తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా జాలాలు ఉండగా నడుమ ఉన్న మన రేఖాంశాల నుంచి ఈ పౌనఃపున్యాల్లో నిలకడగా చూసే డిష్‌లు కావాలి. 6.7 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేసే రెండు మూడు డిష్‌లను దక్కన్ పీఠభూమిలో నెలకొల్పగలిగితే, నిజామియా వంద ఏళ్ల కిందట మొదలుపెట్టిన పట్టీనే మన పరికరాలతో మళ్లీ కొలవవచ్చు. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఈ దిశగా ఆలోచించాలి.