చెరిపిన గోడ, చదవని జాబితా

1888లో లండన్ తూర్పు పేటల్లో జరిగిన హత్యలపై వచ్చిన పుస్తకాలకు లెక్కలేదు. అన్నిటి ప్రశ్నా ఒక్కటే: "జాక్ ది రిప్పర్" ఎవరు? హంతకుడు దొరకలేదు కనుక ఆ ప్రశ్నకు గిరాకీ తగ్గదు. నేను అడగదలచుకున్నది వేరు. ఆ కేసులో దేన్ని సాక్ష్యంగా చూశారు? దేన్ని చూసీ చూడనట్టు వదిలేశారు?

సెప్టెంబరు 30న, తెల్లవారకముందే, మైటర్ స్క్వేర్‌లో కేథరిన్ ఎడ్డోస్ శవం కనిపించింది. గంట గడిచాక గోల్‌స్టన్ వీధిలో ఒక గుమ్మం దగ్గర నెత్తుటి గుడ్డ దొరికింది. అది ఆమె ఏప్రన్ నుంచి కోసిన ముక్కేనని తేలింది. దానిపైన గోడమీద యూదుల గురించి సుద్దతో రాసిన ఒక వాక్యం ఉంది. ఫోటో తీసేదాకా ఉంచాలని సిటీ పోలీసులు కోరారు. మెట్రోపాలిటన్ పోలీసు కమిషనర్ సర్ చార్లెస్ వారెన్ వినకుండా చెరిపించాడు. ఇద్దరు పోలీసులు రాసుకున్న నకళ్ళు రెండూ ఒకటిగా లేవు. ఆ రాత హంతకుడిదో, అంతకుముందే అక్కడ ఉన్నదో ఇక తేలదు.

యూదులపై దాడులు జరుగుతాయని భయపడ్డానన్నాడు వారెన్. అది ఉత్త భయం కాదు. ఆ నెలలోనే "లెదర్ ఏప్రన్" అనే పుకారు వల్ల జాన్ పైజర్ అనే యూదు బూట్ల కార్మికుడు అరెస్టయి, నిర్దోషిగా బయటపడ్డాడు. అయితే 1887 నవంబరు 13న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రదర్శకులను లాఠీలతో చెదరగొట్టించిన కమిషనర్ కూడా ఇతనే. పేదల పేట అతని కంటికి ఎప్పుడు అంటుకుంటుందో తెలియని గడ్డివాములా కనిపించిందని నా అభిప్రాయం.

ఇక శాలువా సంగతి. ఎడ్డోస్ శవం దగ్గరిదని చెప్పి అమ్మిన ఒక శాలువాను 2007లో వేలంలో కొన్నారు. దానిమీది డి.ఎన్.ఏ. ప్రకారం హంతకుడు ఆరన్ కోస్మిన్‌స్కీ అని 2014లో ప్రకటించారు. అతను పోలండు నుంచి వలస వచ్చిన యూదు మంగలి. అరుదైనదని చెప్పిన జన్యు లక్షణం ఐరోపా సంతతిలో దాదాపు అందరికీ ఉండేదేననీ, దాన్ని గుర్తించడంలోనే పొరపాటు జరిగిందనీ శాస్త్రజ్ఞులు ఎత్తిచూపారు. చెరిపిన గోడ ఎవరివైపు వేలు చూపించిందో, 126 ఏళ్ళ తరువాత శాలువా కూడా అటే చూపించింది. వివాదం మారింది గాని, బోనులో నిలబెట్టిన మనిషి మారలేదు.

అసలు ఎడ్డోస్ ఒంటిమీదున్న వస్తువులకు పోలీసులు రాసిన జాబితాలో ఆ శాలువా లేదు. ఉన్నవి ఇవి: ఒక రేకు డబ్బాలో టీ పొడి, మరొకదానిలో పంచదార, ఆరు సబ్బు ముక్కలు, సన్నపళ్ళ దువ్వెన, చెంచా, సూదులు, పన్నెండు గుడ్డపేలికలు, విరిగిన కళ్ళజోడు ముక్క, ఒంటి చేతితొడుగు, ఆవపొడి డబ్బాలో రెండు తాకట్టు చీటీలు. వాటిలో ఒకటి ఆమె సహచరుడి బూట్లది. కెంట్‌లో హాప్ కోతల కూలికి పోయి, ఏమీ మిగలక ఇద్దరూ తిరిగివచ్చారు. తిండికోసం కాళ్ళ బూట్లు తాకట్టు పెట్టుకున్నారు.

నలభై ఆరేళ్ళ మనిషి సంసారమంతా జేబుల్లో మోసుకు తిరిగింది. అదీ రవి అస్తమించని సామ్రాజ్యపు రాజధానిలో.

ఈ జాబితా మీద ఏ నిపుణుడికీ పేచీ లేదు. దీన్ని చెరపమని ఏ కమిషనరూ ఆజ్ఞాపించలేదు. చెరపవలసిన అవసరమే రాలేదు. హంతకుడి పేరు అందులో లేదు కనుక అపరాధ పరిశోధకులు దాన్ని దాటిపోయారు. చరిత్ర చదివే మనం మాత్రం అక్కడే ఆగాలి. ఆమె గొంతు కోసిన చెయ్యి ఎవరిదో తెలియకపోవచ్చు. అర్ధరాత్రి దాటాక ఆమెను వీధిలో నిలబెట్టిన వ్యవస్థ ఏదో తెలుసుకోవడానికి ఆ తాకట్టు చీటీలు చాలు.