పద్యం లేని భువనవిజయం: టీవీ తెరపై తెనాలి రామకృష్ణుని కొలువు

సారాంశం

శ్రీకృష్ణదేవరాయల కొలువు కథాస్థలంగా తెనాలి రామకృష్ణుణ్ని నాయకుణ్ని చేసిన హాస్య ధారావాహికలు హిందీ టెలివిజన్‌లో రెండు తరాల ప్రేక్షకులను అలరించాయి. ఈ కథలకు పుట్టిల్లు నోటినుంచి నోటికి సాగిన తెలుగు చాటు సంప్రదాయం. అందులోని కొలువు చట్రాన్ని టీవీ యథాతథంగా తీసుకుంది, పద్యాన్ని మాత్రం వదిలేసింది. దానివల్ల హాస్యం పలుకులోంచి ఉపాయంలోకి మారింది, కవి చతురుడిగా మిగిలాడు. ఈ మార్పు ఎలా జరిగిందో పరిశీలించడం, పద్యహాస్యం నేటికీ బతికివున్న వేదికలను హైదరాబాదులోని అబిడ్స్–నాంపల్లి సాహిత్య సంస్థల నేపథ్యంలో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. చాటువు కట్టిన కొలువు

రాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రను, నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఆయనకే అంకితమిచ్చారు. అష్టదిగ్గజాలుగా మనం చెప్పుకునే ఎనిమిదిమందీ ఒకే సభలో కూర్చున్నారనడానికి మాత్రం కృతుల సాక్ష్యం చాలదు. వారిలో ఇద్దరి కృతులైన వసుచరిత్ర, కళాపూర్ణోదయం వరసగా తిరుమలరాయలకు, నంద్యాల కృష్ణమరాజుకు అంకితమయ్యాయి. ఈ ఇద్దరు ప్రభువులూ రాయల తరవాతి తరంవారు. రామకృష్ణుని విషయంలోనూ ఇదే చిక్కు. ఉద్భటారాధ్య చరిత్ర ఊరదేచమంత్రికి, పాండురంగమాహాత్మ్యం విరూరి వేదాద్రికి అంకితం. రాయల పేరున ఆయన కృతి ఒక్కటీ లేదు.

అయినా తెలుగువారి మనసులో ఆ ఎనిమిదిమందీ ఒకే సభలో ఉన్నారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో వెలువరించిన చాటు పద్యాల గ్రంథంలో ఇలాంటి సభలను ఒక సాహితీ సమాజం తనకోసం కల్పించుకున్న లోకంగా చూశారు. ఆ చూపుతో చూస్తే చాటుకథలను చరిత్రలో తప్పులుగా లెక్కపెట్టనక్కరలేదు. అవి ఒక రూపాన్ని నిర్మించాయి. స్థలం మారదు: భువనవిజయ సభామంటపం. పాత్రలు మారవు: రసజ్ఞుడైన రాజు, గంభీరుడైన మంత్రి అప్పాజీ (తిమ్మరుసు), అసూయపడే రాజగురువు తాతాచార్యులు, వాళ్ల నడుమ రామకృష్ణుడు. మారేది ఆ పూట చిక్కు ఒక్కటే. చిక్కు వస్తుంది, విడిపోతుంది, కొలువు మళ్లీ యథాస్థితికి చేరుతుంది. నేడు సిట్‌కామ్ అని పిలుస్తున్న ప్రక్రియకు కావలసిన అంగాలన్నీ టెలివిజన్ పుట్టకముందే ఇక్కడ అమరి ఉన్నాయి.

2. మూడు రకాల హాస్యం

రామకృష్ణుని కథలన్నీ ఒకే తీరువి కావు. హాస్యం దేని మీద ఆధారపడిందో చూస్తే మూడు రకాలు తేలతాయి.

మొదటిది ఉపాయహాస్యం. దొంగలచేత రాత్రంతా తోటకు నీళ్లు తోడించిన కథ, వేడిపాలు తాగించి పిల్లికి పాలంటేనే భయం కలిగించిన కథ ఈ కోవలోవి. వీటిని ఏ భాషలో చెప్పినా నవ్వు తగ్గదు. బీర్బల్ పేరుతో చెప్పినా అతుకుతాయి.

రెండోది సంస్కృతం అండగా నడిచేది. దిగ్విజయానికి వచ్చిన పండితుణ్ని బెదరగొట్టడానికి రామకృష్ణుడు నువ్వుల కట్టెలను గేదెను కట్టే తాడుతో బిగించి, పట్టుబట్టలో చుట్టి, తిలకాష్ఠమహిషబంధనమనే మహాగ్రంథంగా సభకు తెస్తాడు. అంత పేరున్న గ్రంథం తాను చదవలేదన్న బెంగతో పండితుడు రాత్రికి రాత్రే ఊరు విడుస్తాడు. సంస్కృత సమాసం దేశంలో చాలా భాషలకు పరిచితమే కాబట్టి ఈ కథ హిందీలోకి సులభంగా వెళ్లగలదు.

మూడోది తెలుగు పద్యహాస్యం. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న సమస్య దీనికి మేటి ఉదాహరణ. గిట్టనివాళ్లు ఆ సమస్యను ద్వారపాలకుడిచేత అడిగిస్తే రామకృష్ణుడు అతణ్ని కటువుగా తిట్టే పద్యంతో పూరిస్తాడు. అదే సమస్యను రాయలు అడిగేసరికి పాండవులు విరటుని కొలువులో చేరవలసి వచ్చిన దుర్గతికి అన్వయించి సభను కదిలిస్తాడు. పాదం ఒక్కటే, ఛందస్సు ఒక్కటే. అడిగినవాడు మారాడు, జవాబు తీరు మారింది. తిట్టులోంచి కరుణలోకి మలుపు తిరిగే ఈ నేర్పు పద్యపాదం లేకుండా కనబడదు. మేకతోక పద్యమూ అంతే. తోక మీద తోక చేర్చుకుంటూ పోయే ఆ మాటల వరసను గణాల్లో వినాలి. సారాంశం చెబితే అందులో నవ్వడానికి ఏమీ మిగలదు.

3. తెర ఏం తీసుకుంది

బి.ఎస్. రంగా 1956లో తీసిన తెనాలి రామకృష్ణ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు రామకృష్ణుడు, ఎన్.టి. రామారావు రాయలు, నాగయ్య తిమ్మరుసు. సుల్తానులు పంపిన గూఢచారిణి కృష్ణసానిగా భానుమతి నటించారు. అదే సమయంలో శివాజీ గణేశన్ నాయకుడిగా తమిళంలోనూ చిత్రం తయారైంది. కథకు మూలం సి.కె. వెంకటరామయ్య కన్నడ నాటకం. కవి ఇక్కడ రాజ్యాన్ని కాపాడే నీతిజ్ఞుడయ్యాడు. అయినా సముద్రాల సీనియర్ రచన వల్ల తెలుగు చిత్రంలో సాహిత్య వాతావరణం నిలిచింది.

1990లో దూరదర్శన్ జాతీయ ప్రసారాల్లో వచ్చిన తెనాలి రామాకు దర్శకుడు కన్నడిగుడైన టి.ఎస్. నాగాభరణ. విజయ్ కశ్యప్ రామా పాత్ర పోషించారు. తరవాత కాంటిలో సంస్థ నిర్మించిన తెనాలి రామా సోనీ సబ్ ఛానల్‌లో 2017 జులై నుంచి 2020 నవంబరు దాకా నడిచింది. కృష్ణ భరద్వాజ్ రామా, మానవ్ గోహిల్ రాయలు, పంకజ్ బేరీ తాతాచార్యులు. 2024 డిసెంబరులో అది కొత్తగా మళ్లీ మొదలైంది.

ఈ సోనీ సబ్ ధారావాహికలో కొలువుతోపాటు ఇల్లూ కథాస్థలమైంది. భార్య శారద, సైగలతో మాట్లాడే తల్లి, గుండప్ప అనే పిల్లవాడు రామాకు తోడుగా నిలిచారు. పాత్రల కూర్పు గట్టిది, నటుల సమయస్ఫూర్తి మెచ్చదగినది. తెలుగు నేలకు దూరంగా ఉన్న లక్షలాది ఇళ్లకు తెనాలి అనే ఊరిపేరు చేరడం చిన్న విషయం కాదు. కానీ పైన చెప్పిన మూడు రకాల్లో తెరకెక్కినది ప్రధానంగా మొదటిది. హిందీ ప్రేక్షకుడికి తెలుగు సమస్యను వినిపించే దారి లేక, రచయితలు ప్రతి చిక్కునూ నేరపరిశోధనగానో పందెంగానో మలచవలసి వచ్చింది. ఇది రచయితల లోపం కాదు, ప్రక్రియ తెలుగు దాటినప్పుడు చెల్లించిన మూల్యం.

మరో నష్టం కూడా ఉంది. గృహహాస్యానికి కావలసిన గొప్ప సరుకు రామకృష్ణుని కావ్యంలోనే దొరుకుతుంది. పాండురంగమాహాత్మ్యంలోని నిగమశర్మోపాఖ్యానంలో, చెడుదారి పట్టిన తమ్ముణ్ని దిద్దడానికి అక్క అత్తింటినుంచి వస్తుంది. లాలించి, బతిమాలి, మారాడని నమ్ముతుంది. తమ్ముడు ఓ రాత్రి ఇంట్లో సొమ్ములన్నీ మూటగట్టుకుని పారిపోతాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వ్యాసంతో ఆ అక్క విమర్శలో స్థిరమైన పాత్రగా నిలిచింది. మనుషుల బలహీనతను ప్రేమతో చూసే ఈ హాస్యమే కవి అసలు సంతకం. కవి పేరు వాడుకున్న తెర ఆయన పుస్తకాన్ని కూడా తెరిచి ఉంటే కథలకు కొత్త లోతు వచ్చేది.

4. అబిడ్స్–నాంపల్లి సాక్ష్యం

రాయల పేరు హైదరాబాదు నగరంలోకి సినిమాతో రాలేదు. అబిడ్స్‌కు ఆనుకుని ఉన్న సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు వంటివారు అందుకు పూనుకున్నారు. నిజాం రాజధానిలో తెలుగు చదువుకు ఆ పేరు పెట్టుకున్న ఆ తరానికి రాయలు మొదట కవి, కవిపోషకుడు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తిలక్‌రోడ్డులో ఆ పనిని విస్తరించింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో వెలసింది.

ఇక్కడి చరిత్ర తెరమీది మరో అలవాటునూ సరిదిద్దుతుంది. రాయల కథల్లో సుల్తానులు తరచు శత్రువులుగానే కనిపిస్తారు. అయితే గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా యౌవనంలో విజయనగరంలో ఆశ్రయం పొందాడు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితంగా అందుకున్నాడు. తెలుగువారు ఆయన్ని మల్కిభరాముడన్నారు. ఆయనే 1565 యుద్ధంలో విజయనగరానికి ఎదురు నిలిచాడు కూడా. ఈ రెండు నిజాలనూ కలిపి చూపగల కొలువు కథ చరిత్రకూ హాస్యానికీ న్యాయం చేస్తుంది.

పద్యహాస్యానికి నేటి ప్రేక్షకులు లేరన్న వాదనకు తెలుగు సాహితీ వేదికలే జవాబు. భువనవిజయం పేరుతో పండితులే తలపాగాలు చుట్టి పెద్దన, తిమ్మన, రామకృష్ణులుగా కూర్చుని పద్యాలతో వాదించుకునే సాహిత్య రూపకం ఉగాది సభల్లోనూ, అమెరికా తెలుగు సంఘాల వేడుకల్లోనూ ఆడుతూనే ఉంది. ఇందులో పాత్రలు స్థిరం, సభ స్థిరం, సంభాషణ మాత్రం వేసేవారి ప్రతిభను బట్టి ప్రతిసారీ కొత్తది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి కొంటె ప్రశ్నలు వేస్తాడు, అవధాని చమత్కారంతో తిప్పికొడతాడు. ఛందస్సు తెలియనివారు కూడా ఆ క్షణంలో పకపకా నవ్వుతారు. ఎందుకంటే జవాబులోని మలుపు సందర్భం వల్లనే అర్థమవుతుంది.

5. ముగింపు

రాయల కొలువు హాస్య ధారావాహికకు సహజమైన చట్రమని, ఆ చట్రాన్ని కట్టింది చాటు సంప్రదాయమేనని ఈ పరిశీలనలో తేలింది. హిందీ ధారావాహికలు దాని ఉపాయహాస్యాన్ని దేశమంతటికీ పంచాయి. పద్యహాస్యాన్ని పంచడం వాటికి సాధ్యం కాదు, ఆ బాధ్యత తెలుగువారిది. భువనవిజయ రూపకాల్లో రాటుదేలిన పండితులను, అవధానులను రచనలో కలుపుకుని, ఒక్కో భాగాన్ని ఒక్కో సమస్య చుట్టూ అల్లి, నిగమశర్మ అక్క వంటి పాత్రలను ఇంటి కథలోకి తెస్తే తెలుగులో సిసలైన కొలువు సిట్‌కామ్ తయారవుతుంది. పద్యం తెర అడుగున అక్షరాల్లో కనబడితే పిల్లలు దాన్ని నోటికి పట్టుకుంటారు. దానికి ముందు జరగవలసిన పని ఒకటుంది. సాహిత్య సంస్థలు తమ సభల్లో జరిగే భువనవిజయ రూపకాలను, అవధానాలను దృశ్యరూపంలో భద్రపరచి రచయితలకు, పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. రామకృష్ణుణ్ని మళ్లీ కవిగా చూపించే ప్రయత్నం అక్కడినుంచే మొదలుకావాలి.