తెలుగు సినీ కార్మికుల నిత్యావసర సరుకుల కూపన్లు

తెలుగు సినీ కార్మికుల నిత్యావసర సరుకుల కూపన్లు అనగా 2020వ సంవత్సరంలో కరోనా వ్యాధి కారణంగా సినిమా చిత్రీకరణలు నిలిచిపోయినపుడు, తెలుగు చలనచిత్ర పరిశ్రమలో రోజు వేతనంపై పనిచేసే కార్మికుల కుటుంబాల కొరకు అందజేయబడిన సరుకుల కొనుగోలు పత్రాలు. ఒక్కొక్కటి 1,500 రూపాయల విలువ గల 12,000 కూపన్లను హిందీ నటుడు అమితాబ్ బచ్చన్ అందజేసినట్లు 2020 ఏప్రిల్ నెల మధ్యలో నటుడు చిరంజీవి ప్రకటించాడు. వీటి మొత్తం విలువ 1 కోటి 80 లక్షల రూపాయలు. ఇవి బిగ్ బజార్ దుకాణాలలో చెల్లుబాటు అయ్యేవి.

కూపన్ - అర్థం, రకాలు

ఒక నిర్ణీత విలువకు గాని, ఒక నిర్ణీత వస్తువుకు గాని దుకాణదారు సరుకు ఇచ్చుటకు అంగీకరించిన పత్రాన్ని కూపన్ అంటారు. గృహావసరాల విషయంలో కూపన్లు ముఖ్యంగా మూడు రకాలు.

- తగ్గింపు కూపన్లు: వస్తువు ధరలో కొంత భాగం తగ్గించేవి. వ్యాపార ప్రచారం కొరకు తయారీదారులు లేదా దుకాణాలు వీటిని ఇస్తాయి. వినియోగదారుడు మిగిలిన సొమ్ము చెల్లించవలసి ఉంటుంది.
- రేషన్ కూపన్లు: ప్రభుత్వం జారీ చేసేవి. చౌక ధరల దుకాణంలో బియ్యం, కిరోసిన్ వంటివి పొందుటకు ఉపయోగపడతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రచ్చబండ కార్యక్రమంలో తాత్కాలికంగా ఇచ్చిన కూపన్లు "రచ్చబండ కూపన్లు" అనే పేరుతో ప్రసిద్ధి చెందినవి.
- సహాయ కూపన్లు: దాత ముందుగానే సొమ్ము చెల్లించి, అవసరమైనవారికి ఇచ్చేవి. తీసుకున్నవారు తమకు కావలసిన సరుకును తామే ఎన్నుకొంటారు.

సినీ కార్మికులకు ఉద్దేశించినవి మూడవ రకానికి చెందినవి. సహాయాన్ని కూపన్ల రూపంలో ఇచ్చే పద్ధతికి అమెరికాలో 1939లో న్యూయార్క్ రాష్ట్రపు రోచెస్టర్ నగరంలో ప్రారంభమైన ఆహార స్టాంపుల పథకం తొలినాటి ఉదాహరణలలో ఒకటి. ఆ పథకంలో ఒక డాలరుకు నారింజ రంగు స్టాంపులు కొన్నవారికి అర డాలరు విలువ గల నీలి రంగు స్టాంపులు ఉచితంగా లభించేవి. నీలి స్టాంపులతో మిగులు పంటలుగా ప్రకటించిన ఆహార పదార్థాలను మాత్రమే కొనవలసి ఉండేది.

నేపథ్యం

హైదరాబాదులో తొలి సినిమా స్టూడియో అయిన సారథి స్టూడియో 1956లో అమీర్‌పేటలో ఏర్పడినది. అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమైనది. మద్రాసు నుండి తెలుగు పరిశ్రమ క్రమంగా తరలివచ్చిన కొలదీ జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు దానికి కేంద్రమైనవి. తెలుగు ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో ఫిల్మ్ నగర్‌లోనే ఉన్నవి.

నటులు, నిర్మాతల నివాసాలు ఈ కొండల మీద ఉండగా, వారితో కలిసి పనిచేసే కార్మికులలో చాలామంది దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వంటి చోట్ల అద్దె ఇళ్ళలో నివసిస్తారు. మణికొండ సమీపంలోని చిత్రపురి కాలనీ ప్రత్యేకంగా సినీ కార్మికుల కొరకు ఏర్పడినది. దాని స్థాపనకు కృషి చేసిన నటుడు ఎం. ప్రభాకరరెడ్డి పేరు ఆ కాలనీకి పెట్టబడినది.

పరిశ్రమలోని పనివారిని "24 క్రాఫ్టులు" అని వ్యవహరిస్తారు. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, సెట్లు వేసే వడ్రంగులు, పెయింటర్లు, మేకప్ సహాయకులు, దుస్తుల విభాగం వారు, ప్రొడక్షన్ సహాయకులు, డ్రైవర్లు, డాన్సర్లు, ఫైటర్లు మొదలైనవారు వీరిలో ఉన్నారు. వీరిలో అధికులకు నెల జీతం ఉండదు. చిత్రీకరణ జరిగిన రోజుకు మాత్రమే వేతనం లభిస్తుంది. కావున చిత్రీకరణ ఆగిన మరునాటి నుండే ఇంటికి రాబడి ఆగిపోతుంది. ఇంటి అద్దె, వెచ్చాల కొట్టు బాకీ మాత్రం ఆగవు.

లాక్‌డౌన్ కాలం

2020 మార్చి నెల మధ్యలో తెలంగాణలో సినిమా థియేటర్లు మూతపడినవి, చిత్రీకరణలు నిలిచిపోయినవి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, తరువాత రాష్ట్రంలో లాక్‌డౌన్, మార్చి 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చినవి. ఆర్టీసీ బస్సులు, ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, మెట్రో రైళ్ళు ఆగిపోయినవి. నిత్యావసరాల కొరకు కూడా ఇంటి నుండి 3 కిలోమీటర్ల పరిధి దాటి వెళ్ళరాదని తెలంగాణ పోలీసులు నిబంధన విధించారు. చిత్రీకరణలకు తెలంగాణ ప్రభుత్వం తిరిగి అనుమతినిచ్చినది జూన్ రెండవ వారంలో. అనగా దాదాపు మూడు నెలల పాటు కార్మికులకు పని లేదు.

ఆ సమయంలో తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రతా కార్డు గల కుటుంబాలలో ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కుటుంబానికి 1,500 రూపాయల నగదు ప్రకటించినది. నలుగురు గల కుటుంబానికి ఈ లెక్కన 48 కిలోల బియ్యం లభిస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి 1,000 రూపాయలు ఇచ్చినది. అయితే ఈ సహాయమునకు కార్డు ఆధారము. పనికొరకు నగరానికి వచ్చి, స్థానికంగా కార్డు లేని కుటుంబాలకు పరిశ్రమ నుండి వచ్చే సహాయమే ముఖ్యమైనది.

కరోనా క్రైసిస్ ఛారిటీ

సినీ కార్మికులను ఆదుకొనుటకు 2020 మార్చి చివరలో చిరంజీవి అధ్యక్షతన "కరోనా క్రైసిస్ ఛారిటీ - మనకోసం" అనే సంస్థ ఏర్పడినది. దీనిని సంక్షిప్తంగా సి.సి.సి. అని పిలుస్తారు. నిర్మాతలు డి. సురేష్ బాబు, సి. కల్యాణ్, తమ్మారెడ్డి భరద్వాజ, దర్శకులు ఎన్. శంకర్, మెహర్ రమేష్ తదితరులు దీని నిర్వహణలో పాల్గొన్నారు. చిరంజీవి, నాగార్జున చెరి ఒక కోటి రూపాయలు, రామ్ చరణ్, నాని చెరి 30 లక్షలు, మహేష్ బాబు, జూనియర్ ఎన్టీఆర్ చెరి 25 లక్షలు విరాళమిచ్చారు. ఈ నిధితో బియ్యం, పప్పు, నూనె వంటి సరుకుల మూటలను కార్మికుల కుటుంబాలకు పంపిణీ చేశారు.

కూపన్ల ఏర్పాటు

2020 ఏప్రిల్‌లో అమితాబ్ బచ్చన్, సోనీ పిక్చర్స్ నెట్‌వర్క్స్ ఇండియా, కల్యాణ్ జువెలర్స్ కలిసి "వుయ్ ఆర్ వన్" అనే కార్యక్రమాన్ని ప్రకటించారు. అఖిల భారత సినీ ఉద్యోగుల సమాఖ్యకు చెందిన ఒక లక్ష కుటుంబాలకు నెలసరి సరుకులు సమకూర్చుట దీని ఉద్దేశం. సరిచూసిన జాబితాలోని కార్మికులకు బార్‌కోడ్ గల కూపన్లు ఇచ్చి, ఒక పెద్ద దుకాణాల సంస్థ ద్వారా సరుకులు అందించుట ఇందులోని పద్ధతి. ఇదే సందర్భంలో "ఫ్యామిలీ" అనే లఘుచిత్రం ఏప్రిల్ 6న ప్రసారమైనది. ఇందులో అమితాబ్ బచ్చన్, రజనీకాంత్, మమ్ముట్టి, మోహన్‌లాల్, చిరంజీవి తదితరులు ఎవరి ఇంట్లో వారే ఉండి నటించారు.

తెలుగు కార్మికులకు 12,000 కూపన్లు చేరిన విషయాన్ని కొద్ది రోజులకు చిరంజీవి ప్రకటించి, అమితాబ్ బచ్చన్‌కు కృతజ్ఞతలు తెలిపాడు.

పనిచేసే విధానం

బార్‌కోడ్ గల కూపన్ మీద దానికి మాత్రమే చెందిన ఒక సంఖ్య ఉంటుంది. దుకాణంలో బిల్లు వేయు చోట ఆ సంఖ్యను యంత్రం చదివి, అది జారీ అయినదేనా, ఇదివరకే వాడబడినదా అని సరిచూస్తుంది. ఒకసారి వాడిన పిదప అదే సంఖ్య మరల చెల్లదు. ఈ విధంగా నకలు తీసి వాడుటను నివారించవచ్చును.

యంత్రం సంఖ్యను సరిచూడగలదు గాని, కూపన్ తీసుకున్నవారు నిజముగా అవసరమైనవారేనా అన్నది చెప్పలేదు. అది జాబితా మీద ఆధారపడినది. సినీ పరిశ్రమలో అటువంటి జాబితాకు కార్మిక సంఘాల సభ్యత్వమే ప్రధాన ఆధారం. ఒకే ఇంట్లో ఇద్దరు సభ్యులున్నపుడు రెండు కూపన్లు చేరుటకు, ఏ సంఘంలోనూ సభ్యత్వం లేనివారికి ఒకటి కూడా చేరకపోవుటకు ఇటువంటి జాబితాలలో అవకాశం ఉంటుంది. అందువలన కూపన్ల ముద్రణ కంటె జాబితా తయారీయే కష్టమైన పని.

సరుకులు, నగదు, కూపన్లు - పోలిక

- సరుకుల మూట: ఇంటికి చేరుతుంది, వెంటనే వండుకొనవచ్చును. దాత టోకున కొనుట వలన ధర తగ్గుతుంది. కాని అందరికీ ఒకే రకమైన సరుకు వస్తుంది. పసిపిల్లల పాలపొడి, సబ్బులు వంటి ప్రత్యేక అవసరాలు తీరకపోవచ్చును.
- నగదు: అద్దె, మందులు, సరుకులు దేనికైనా ఉపయోగపడుతుంది. ఏ కొట్టులోనైనా చెల్లుతుంది. అయితే సొమ్ము ఆహారానికే ఖర్చు కావలెనని కోరే దాతకు దాని మీద అదుపు ఉండదు.
- కూపన్: ఏ సరుకు కొనవలెనో కుటుంబమే నిర్ణయించుకొంటుంది. ప్రభుత్వం ద్వారా బియ్యం అందినవారు కూపన్‌తో పప్పు, నూనె, చక్కెర కొనుక్కొనవచ్చును. కాని అది ఒకే సంస్థ దుకాణాలలో చెల్లుతుంది.

చివరి అంశం లాక్‌డౌన్‌లో మిక్కిలి ముఖ్యమైనది. వీధి చివరి కిరాణా కొట్టుకు నడిచి వెళ్ళవచ్చును, అక్కడ ఖాతా మీద అరువు కూడా దొరుకుతుంది. కూపన్ చెల్లే దుకాణం 3 కిలోమీటర్లకు మించి ఉన్నపుడు, బస్సులు లేని రోజులలో అక్కడికి చేరుట, కొన్న సరుకును మోసుకొని వచ్చుట సులభం కాదు. కావున 1,500 రూపాయల నగదు, 1,500 రూపాయల కూపన్ అంకెలలో సమానమైనప్పటికీ, ఇంటికి చేరే సరుకులో సమానం కాకపోవచ్చును.

కుటుంబంలో వినియోగం

ఏ రకమైన సరుకుల కూపన్‌కైనా ఈ క్రింది జాగ్రత్తలు వర్తిస్తాయి.

1. అందిన వెంటనే గడువు తేదీ, చెల్లే దుకాణం, వర్తించని వస్తువుల వివరాలు చదువవలెను.
2. కూపన్లు ఒకటి కంటె ఎక్కువ ఉన్నపుడు గడువు తేదీల వరుసలో పెట్టి, ముందు ముగిసేదానిని ముందు వాడవలెను.
3. కూపన్‌ను ఒకేసారి పూర్తిగా వాడవలెనా, మిగులు తరువాత వాడుకొనవచ్చునా అన్నది ముందే అడిగి తెలుసుకొనవలెను. చాలా కూపన్లకు చిల్లర తిరిగి ఇవ్వరు.
4. ఇంట్లో ఉన్న సరుకు చూసుకొని చీటీ వ్రాసి, మొత్తం కూపన్ విలువకు దగ్గరగా వచ్చునట్లు లెక్కవేయవలెను.
5. కూపన్ సంఖ్యను ఇతరులకు తెలియనీయరాదు. సంఖ్య తెలిసినవారు దానిని ముందుగా వాడుకొనే ప్రమాదం ఉన్నది.
6. బిల్లు భద్రపరచవలెను.

తరువాతి పరిణామాలు

సి.సి.సి. సరుకుల పంపిణీ తరువాత కూడా కొనసాగినది. 2021 ఏప్రిల్‌లో ఇదే సంస్థ సినీ కార్మికులకు, సినీ పాత్రికేయులకు ఉచితంగా కరోనా టీకాలు వేయించే కార్యక్రమం చేపట్టినది.

2021 ఆగస్టు 2న భారత ప్రభుత్వం ఇ-రూపీ అనే పద్ధతిని ప్రారంభించినది. ఇందులో ఒక వ్యక్తికి, ఒక నిర్ణీత అవసరానికి మాత్రమే వర్తించే కూపన్ సెల్‌ఫోనుకు సందేశ రూపంలో గాని, క్యూఆర్ కోడ్ రూపంలో గాని చేరుతుంది.

2001లో ప్రారంభమైన బిగ్ బజార్ దుకాణాలు 2022లో మూతపడినవి. వాటిని నడిపిన ఫ్యూచర్ రిటైల్ సంస్థపై అదే సంవత్సరం జులైలో దివాలా ప్రక్రియ మొదలైనది. ఒకే సంస్థ దుకాణాలలో చెల్లే కూపన్ విలువ ఆ సంస్థ నడిచినంత కాలమే ఉంటుంది. కష్టకాలంలో అందిన కూపన్‌ను దాచుకొనక గడువులోగా వాడుకొనుట మేలనుటకు ఇది కూడా ఒక కారణం.

ఇవి కూడా చూడండి

- తెలుగు సినిమా
- ఫిల్మ్ నగర్
- చిత్రపురి కాలనీ
- ప్రజా పంపిణీ వ్యవస్థ
- రచ్చబండ