వచ్చిన వరుస, అడిగిన వరుస

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. తరువాతి మూడు నాలుగు రోజులలో ఆ వరద బెజవాడ చేరి, ప్రకాశం బరాజు వద్ద పది లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణలంకలోని మా బాబాయిగారు ఫోనులో అడిగిన ప్రశ్న ఒక్కటే: "శ్రీశైలం నుంచి వదిలే నీళ్లు తగ్గాయట్రా?"

నా వద్ద ఒక చిన్న పుట ఉండేది. శ్రీశైలం, సాగర్, బరాజు వివరాలను మూడు చోట్ల నుండి తెచ్చి చూపేది.

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో రూపొందించాడు. (ఆ పది రోజుల కథ గొప్ప అనుకోవాలో, శాపమనుకోవాలో నేనింకా తేల్చుకోలేదు.) అది ఒక సమయాన ఒకే పని చేసే భాష. దూరపు సర్వరును అడిగి, జవాబు వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటే విహరిణి బిగుసుకుపోతుంది. అందుచేత అడిగి వదిలివేయడం, జవాబు వచ్చినప్పుడు చేయవలసిన పనిని ముందే అప్పగించడం ఆచారమైంది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఇందుకు దారి చూపింది. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ 'అజాక్స్' అని పేరు పెట్టాక అందరూ దాని వెంట పడ్డారు. నేనూ పడ్డాను.

మూడు జవాబులనూ వచ్చినవి వచ్చినట్లే పట్టీలో చేర్చి, మొదటిది శ్రీశైలం, రెండవది సాగర్ అని చూపించాను. మామూలు రోజులలో అవి ఆ వరుసలోనే వచ్చేవి కనుక తప్పు బయటపడలేదు. ఆనాడు శ్రీశైలం జవాబు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. వరద ఇంకా పూర్తిగా అందని సాగర్ సంఖ్య శ్రీశైలం గడిలో కూర్చుంది. "తగ్గుతోంది బాబాయ్" అన్నాను. ఆయన సామాను మేడ మీదికి ఎక్కించలేదు. మనుషులు క్షేమమే గాని, పిన్ని పెళ్లి ఫోటోలూ ఇంటి కాగితాలూ బురదపాలయ్యాయి. బాబాయి నన్ను ఒక్క మాటైనా అనలేదు.

దిద్దుబాటు స్వల్పమే. ప్రతి జవాబునూ అడిగిన స్థానంలోనే భద్రపరచి, మూడూ అందాక చూపితే చాలు. 'ప్రామిస్' అన్న మాటను ఫ్రీడ్‌మన్, వైజ్ 1976లోనే ప్రతిపాదించారు. జావాస్క్రిప్టు ప్రమాణంలోకి అది 2015లో గాని రాలేదు. అప్పుడు వచ్చిన ప్రామిస్.ఆల్, జవాబులు ఎట్లా వచ్చినా అడిగిన వరుసలోనే అందిస్తుంది. అయితే ఒక్కటి విఫలమైతే మొత్తం విఫలం. ఒక ఆనకట్ట పలకనంత మాత్రాన మిగిలినవాటి మాట వినకూడదా? 2020 నాటి ఆల్‌సెటిల్డ్ ఆ లోటు తీర్చింది. ఏది పలికిందో, ఏది పలకలేదో విడివిడిగా చెబుతుంది.

2024 సెప్టెంబరులో బరాజుకు 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. కృష్ణలంకకు అప్పటికి రక్షణ గోడ ఉంది. అయినా బాబాయి ఫోను చేశారు. పుటలో ఒక గడి ఖాళీగా ఉంది.

"పులిచింతల నుంచి జవాబు రాలేదు బాబాయ్."

"రాలేదా? అయితే ముందు పెట్టెలు పైకి ఎక్కిస్తానుండు" అని ఫోను పెట్టేశారు.